పరిశోధన ఎవరికి జవాబు చెప్పాలి? మేడ్చల్ – శామీర్‌పేట విద్యాక్షేత్రముపై ఒక విమర్శ

ఉపోద్ఘాతము

తెలుగు క్రైస్తవులకు ‘శోధన’ అన్న మాట వినగానే మొదట స్ఫురించేది ప్రయోగశాల కాదు. మన ప్రార్థనలలోను ప్రసంగాలలోను ఆ మాట మనిషి నలిగిపోయే వేళను, పరీక్షకు నిలబడవలసిన స్థితిని సూచిస్తుంది. విశ్వవిద్యాలయాలలో అదే మాటకు ‘పరి’ అనే ఉపసర్గను చేర్చి పరిశోధన అంటున్నాము. దీనికి మూలమైన ‘శుధ్’ అనే సంస్కృత ధాతువుకు శుద్ధమగుట అని అర్థము. శోధించుట అంటే మలినమును తీసివేసి ఉన్నదానిని ఉన్నట్టు చూపుట. ఈ రెండు వాడుకలను ప్రక్క ప్రక్కన పెట్టి చూస్తే ఒక ప్రశ్న పుడుతుంది. పరిశోధనలో శోధించేవారు ఎవరు, శోధింపబడేవారు ఎవరు? శోధించినవారిని తిరిగి శోధించే హక్కు ఎవరికైనా ఉన్నదా?

ఈ ప్రశ్నను గాలిలో వదలకుండ ఒక స్థలములో నిలిపి చూడదలచాము. హైదరాబాదుకు ఉత్తరాన నాగపూరు రహదారి మీద మేడ్చల్, కరీంనగర్ వెళ్ళే రాజీవ్ రహదారి మీద శామీర్‌పేట ఉన్నాయి. రెంటినీ ఇప్పుడు ఔటర్ రింగ్ రోడ్డు కలుపుతున్నది. ఒకప్పుడు ద్రాక్షతోటలకు, కోళ్ళఫారాలకు పేరు పొందిన నేల ఇది. 2016 అక్టోబరు 11 వరకు రంగారెడ్డి జిల్లాలో భాగము, ఆ తరువాత మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా. ఈ చిన్న పరిధిలో టీకాలు కనిపెట్టే సంస్థలున్నాయి. 1998లో చట్టము ద్వారా ఏర్పడిన నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయమున్నది. ప్రభుత్వరంగ సంస్థల అధ్యయనము కొరకు 1964లో పుట్టిన ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ ఎంటర్‌ప్రైజ్ ఉస్మానియా ఆవరణనుండి విస్తరించి శామీర్‌పేటకు చేరింది. 2008లో జవహర్‌నగర్ వద్ద బిట్స్ పిలాని హైదరాబాదు శాఖ తెరవబడింది. ఇవి కాక దారి పొడవునా ఇంజనీరింగు, ఫార్మసీ, ఎం.బి.ఏ. కళాశాలలు లెక్కకు మిక్కిలిగా ఉన్నాయి. విజ్ఞానశాస్త్రము, వ్యాపారము, సమాజము అనే మూడు శాఖలు ఇంత దగ్గరగా కాపురముంటున్న చోట్లు తెలుగునేలపై ఎక్కువ లేవు.

ఈ వైవిధ్యమును పొగుడుతూ వ్రాయుట సులభము. అలాంటి పొగడ్తలు కళాశాలల వార్షిక సంచికలలో దొరుకుతాయి. మా విమర్శ వేరు. ఇక్కడి పరిశోధనలో విషయాల వైవిధ్యమున్నది గాని శ్రోతల వైవిధ్యము లేదు. ఈ సంస్థల గోడలకు ఆనుకొని బ్రతికే మనిషి పరిశోధనకు నమూనా అవుతున్నాడు, పాఠకుడు కాలేకపోతున్నాడు.

టీకా చెప్పిన సంగతులు

మొదట విజ్ఞానశాస్త్రమును తీసుకుందాము, ఎందుకంటే ఈ ప్రాంతానికి ప్రపంచపటములో చోటు తెచ్చింది అదే. కె.ఐ. వరప్రసాద్ రెడ్డి 1993లో శాంతా బయోటెక్నిక్స్‌ను స్థాపించారు. ఆయన జీవశాస్త్రజ్ఞుడు కాదు, ఎలక్ట్రానిక్స్ చదివినవారు. దిగుమతియైన హెపటైటిస్-బి టీకా ఒక్క మోతాదుకు వందల రూపాయలు పలికే కాలమది. మొదటి పరిశోధన ఉస్మానియా విశ్వవిద్యాలయములోను తరువాత సి.సి.ఎం.బి. ఆవరణలోను జరిగింది. 1997 ఆగస్టులో శాన్‌వాక్-బి మార్కెట్టులోకి వచ్చింది. పికియా పాస్టోరిస్ అనే ఒక రకము ఈస్టులో వైరసు పైపొర ప్రోటీనును పెంచి, శుద్ధిచేసి తీసిన టీకా అది. మేడ్చల్ దగ్గర అత్వెల్లిలో దాని కర్మాగారము. ఆ తరువాత ఇతర భారతీయ సంస్థలు కూడ రంగములోకి దిగాయి, ధర ఎన్నో రెట్లు పడిపోయింది. ఇక్కడ ఏది విజ్ఞానము, ఏది వ్యాపారము అని గీత గీయుట సాధ్యము కాదు. ఈస్టు కణములో జరిగిన మార్పు ఎంత ముఖ్యమో ధరల పట్టికలో జరిగిన మార్పు అంతే ముఖ్యము.

అదే శాంతా తరువాతి చరిత్ర ఇంకొక ముఖమును చూపిస్తుంది. 2009లో ఫ్రాన్సుకు చెందిన సనోఫి దానిని కొనుగోలు చేసింది. ఆ సంవత్సరమే శాంకాల్ అనే నోటి ద్వారా వేసే కలరా టీకాకు మనదేశములో అనుమతి లభించింది. వియత్నాములో మొదలైన సాంకేతికతను సియోల్‌లోని అంతర్జాతీయ టీకా సంస్థ మెరుగుపరచి శాంతాకు అందించింది. కలకత్తా బస్తీలలో అరవైవేలకు పైబడిన జనుల మధ్య దానిని పరీక్షించారు. 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ముందస్తు అర్హత ఇచ్చింది. 2013లో ఏర్పడిన ప్రపంచ కలరా టీకా నిల్వలో ఇది మొదటినుండి ఉండేది. కాని 2020లో సనోఫి దీని తయారీని 2022 చివరికి ఆపివేస్తామని తెలియజేసింది. కలరా పేదల వ్యాధి; పేదల టీకాలో లాభము తక్కువ. 2022 అక్టోబరులో ప్రపంచములో కలరా పెచ్చుపెరిగి టీకా చాలక, రెండు మోతాదులకు బదులు ఒక్కటే వేయాలని అంతర్జాతీయ సమన్వయ బృందము నిర్ణయించవలసివచ్చింది. 2024 ఆగస్టులో జీనోమ్ వ్యాలీలోని భారత్ బయోటెక్, హిల్‌మన్ లేబొరేటరీస్ నుండి తీసుకున్న సాంకేతికతతో హిల్‌కాల్ అనే కొత్త కలరా టీకాను ప్రకటించింది. ఒక టీకా పనిచేస్తుందా లేదా అన్నది ప్రయోగశాల తేల్చగలదు. అది తయారవుతూనే ఉంటుందా లేదా అన్న ప్రశ్నకు సూక్ష్మదర్శినిలో జవాబు దొరకదు. శామీర్‌పేటలోనే నిర్వహణశాస్త్రము నేర్పే సంస్థలకు, మేడ్చల్‌లో తయారైన టీకా ఆగిపోవుట కంటె మంచి పరిశోధనాంశము ఏముంటుంది?

భారత్ బయోటెక్ సంగతి మరికొంత లోతుగా చూడాలి. తుర్కపల్లిలో ఉన్న ఈ సంస్థను 1996లో కృష్ణ ఎల్లా, సుచిత్రా ఎల్లా స్థాపించారు. దాని రోటావాక్ టీకా వెనుక ఒక దీర్ఘ ప్రయాణమున్నది. 1980ల మధ్యకాలములో ఢిల్లీ ఎయిమ్స్‌లో ఎం.కె. భాన్ బృందము నవజాత శిశువులలో గుర్తించిన 116ఇ అనే వైరసు రకము దానికి మూలము. ఢిల్లీ, పూణే, వేలూరులలో 6,799 మంది పసిపిల్లలపై పరీక్షలు జరిగి, 2015 మార్చి 9న అది విడుదలైంది. ఆసుపత్రి వార్డులో మొదలైన గమనింపు ముప్పది సంవత్సరాలకు టీకాగా మారింది. ఇలాంటి ఓపిక మన విద్యాసంస్థలలో ఎంతమందికి అనుమతింపబడుతుంది?

కోవాక్సిన్ విషయములో ఆ ఓపికకు సమయము లేకపోయింది. 2021 జనవరి 3న దానికి అత్యవసర వినియోగపు అనుమతి ఇచ్చిననాటికి మూడవ దశ ఫలితాలు రాలేదు. 25,798 మందితో జరిగిన ఆ పరీక్ష ఫలితాలు అదే సంవత్సరము నవంబరులో లాన్సెట్‌లో వచ్చాయి. లక్షణాలతో కూడిన వ్యాధినుండి 77.8 శాతము రక్షణ అని తేలింది. టీకా పనిచేసింది. కాని పనిచేస్తుందని తెలియకముందే అనుమతి ఇచ్చుట గూర్చి అడిగిన ప్రశ్న తప్పు ప్రశ్న కాదు. ఆనాడు అలా అడిగినవారిలో కొందరిని దేశమునకు వ్యతిరేకులన్నట్టు చూచారు. ఫలితము మంచిదైనంత మాత్రాన పద్ధతి మంచిదని నిరూపితము కాదు అన్నది ఏ పరిశోధన పద్ధతుల తరగతిలోనైనా మొదటివారము చెప్పే పాఠమే.

దీనికి కొనసాగింపుగా 2024లో జరిగినది మాకు మరింత కలత కలిగించింది. బనారస్ హిందూ విశ్వవిద్యాలయ పరిశోధకులు కోవాక్సిన్ తీసుకున్న 926 మందిని ఒక సంవత్సరముపాటు గమనించి, దుష్ఫలితాలపై డ్రగ్ సేఫ్టీ అనే పత్రికలో వ్యాసము ప్రచురించారు. భారత వైద్య పరిశోధన మండలి ఆక్షేపించింది. టీకా తీసుకోనివారితో పోలిక లేదు, సమాచారము ఫోనులో సేకరించారు అన్నది ఆ ఆక్షేపణ సారాంశము. ఈ ఆక్షేపణలు శాస్త్రీయమైనవే. పోలిక బృందము లేనప్పుడు ఫలానా జబ్బు టీకా వలననే వచ్చిందని చెప్పలేము. భారత్ బయోటెక్ అంతటితో ఆగక వ్యాసకర్తలపైన, పత్రిక సంపాదకునిపైన హైదరాబాదు న్యాయస్థానములో పరువునష్టము దావా వేసింది. సెప్టెంబరులో పత్రిక ఆ వ్యాసమును ఉపసంహరించుకొన్నది. వ్యాసము బలహీనమైనదని మేమూ అంగీకరిస్తాము. బలహీనమైన వ్యాసానికి జవాబు బలమైన వ్యాసము. వ్యాజ్యము జవాబైతే, రేపు బలమైన వ్యాసము వ్రాయగలవాడు కూడ కలము దింపుతాడు. ఈ వివాదములో విజ్ఞానము, వ్యాపారము, చట్టము మూడూ కలిసి ఉన్నాయి. టీకా తయారైన తుర్కపల్లి, న్యాయశాస్త్రము నేర్పే నల్సార్ ఒకే రహదారి మీద ఉన్నాయి.

సమ్మతి ముందు, ఫలితము తరువాత

టీకాలను పరీక్షించేది మనుష్యుల మీద. కనుక ఆ మనుష్యుల సంగతి చూడాలి. తెలుగునేలకు ఈ విషయములో ఒక చేదు జ్ఞాపకమున్నది. 2009లో ఆనాటి ఖమ్మం జిల్లాలో, భద్రాచలము మొదలైన మండలాలలో, పది నుండి పద్నాలుగేండ్ల వయస్సుగల సుమారు 14,000 మంది బాలికలకు హెచ్.పి.వి. టీకా వేశారు. పాత్ అనే అమెరికన్ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి కలిసి చేపట్టిన అధ్యయనమది. వారిలో చాలామంది గిరిజన సంక్షేమ వసతిగృహాలలో చదివే పిల్లలు. కొందరు బాలికల మరణాల తరువాత 2010 ఏప్రిల్‌లో దానిని నిలిపివేశారు. మరణాలకు టీకాతో సంబంధము ఉండే అవకాశము బహు తక్కువని విచారణ సంఘము భావించింది. అయితే 2013లో పార్లమెంటు స్థాయీసంఘము ఎత్తిచూపిన తప్పు వేరొకటి. వేలకొలది సమ్మతిపత్రాలపై తల్లిదండ్రులకు బదులు వసతిగృహపు వార్డెన్లు సంతకాలు చేశారు. టీకా మంచిదా చెడ్డదా అన్నది ఒక ప్రశ్న, అడిగారా లేదా అన్నది ఇంకొక ప్రశ్న. మొదటిదానికి జవాబు దొరికితే రెండవది మాసిపోదు.

ఇప్పుడు చట్టము మెరుగైంది. 2013లో సుప్రీంకోర్టు ఆదేశముతో, తరువాత 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనలతో సమ్మతి విషయములో కట్టుదిట్టము పెరిగింది. పరీక్షలో పాల్గొనేవానికి తెలిసిన భాషలో, సాంకేతిక పదాల బరువు లేకుండ సమాచారము ఇవ్వాలి. నిస్సహాయ స్థితిలోనున్నవారి సమ్మతిని కొన్ని పరీక్షలలో దృశ్య శ్రవణ రూపములో నమోదు చేయాలి. అంటే మేడ్చల్ మనిషి మీద పరీక్ష జరగాలంటే తెలుగు కావలసిందే. పాఠకులు ఇక్కడ ఒక చిత్రమును గమనించగలరు. సంతకానికి ముందు తెలుగు తప్పనిసరి. సంతకమైన తరువాత రెండు మూడు సంవత్సరాలకు వచ్చే ఫలితము ఇంగ్లీషు పత్రికలోనికి వెళుతుంది. చేయి చాచినవానికి సూది గుచ్చేటప్పుడు మాత్రమే అతని మాతృభాష గుర్తుకు వస్తున్నది. ఫలితాలను సమూహానికి తెలియజేయాలని నైతిక మార్గదర్శకాలు హితవు చెబుతాయి గాని, హితవుకు సంతకము అక్కరలేదు.

భూమి, చట్టము, వ్యాపారము

నిర్వహణశాస్త్ర పరిశోధన గూర్చి మేము క్లుప్తముగానే చెబుతాము. ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ ఎంటర్‌ప్రైజ్‌ను ఎస్.ఎస్. ఖేరా చొరవతో, ఉస్మానియా వాణిజ్యశాస్త్రాచార్యులు వి.వి. రామనాధం సహకారముతో స్థాపించిన కాలములో హైదరాబాదు ప్రభుత్వరంగ పరిశ్రమల నగరము. బి.హెచ్.ఇ.ఎల్., హెచ్.ఎం.టి., ఐ.డి.పి.ఎల్. ఆ దశాబ్దములోనే ఇక్కడ రూపుదిద్దుకొన్నాయి. ఐ.డి.పి.ఎల్.లో పనిచేసి బయటికి వచ్చినవారిలో కల్లం అంజిరెడ్డి ఒకరు. ఆయన 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించారు. నేటి ఔషధ పరిశ్రమకు మూలము ఒక ప్రభుత్వరంగ కర్మాగారములో ఉన్నదంటే, ప్రభుత్వరంగ అధ్యయనమునకు, జీనోమ్ వ్యాలీ అధ్యయనమునకు బంధుత్వమున్నట్టే కదా. ఆ బంధుత్వమును తెలుగులో వివరించే ఒక మంచి గ్రంథము వస్తే చదవాలని మాకు ఆశ. రావలసిన గ్రంథాలకు బదులు, వినియోగదారుల సంతృప్తిపై వందమందిని అడిగి తీసిన శాతాలు వస్తున్నాయి. ఈ తరహా వ్యాసము ఏ కళాశాలలో వ్రాసినా ఒక్కలాగే ఉంటుంది. ఊరి పేరు మారుతుంది, సెల్‌ఫోను కంపెనీ పేరు మారుతుంది.

న్యాయశాస్త్రము విషయములో పరిస్థితి కొంత ఆశాజనకము. వికలాంగుల హక్కులపై నల్సార్ ఆచార్యులు అమితా ధండా చేసిన కృషి ఐక్యరాజ్యసమితి ఒడంబడిక చర్చలలోను, మన దేశపు చట్టపు ముసాయిదాలోను ఉపయోగపడింది. అయితే మా దృష్టిలో ఈ ప్రాంతానికి దగ్గరైన ప్రశ్న భూమి. 2020 అక్టోబరు 29న ధరణి పోర్టల్‌ను ఆనాటి ముఖ్యమంత్రి ప్రారంభించింది శామీర్‌పేట ప్రక్కనున్న మూడుచింతలపల్లిలోనే. కంప్యూటరులో పేరున్నవాడే హక్కుదారుడు అన్నంతగా అది పనిచేసింది. అనుభవదారు గడి రికార్డునుండి పోయింది. దున్నేవాని పేరు ఎక్కడ వ్రాయాలో తెలియక పోయింది. పేర్లు తప్పిపోయిన రైతులు కలెక్టరు కార్యాలయాల చుట్టు తిరిగారు. 2024లో ప్రభుత్వము ధరణిని పరిశీలించుటకు ఒక సంఘమును నియమించింది. 2025 ఏప్రిల్ 14న దాని స్థానములో భూభారతి వచ్చింది.

ఈ విషయములో చెప్పుకోదగిన మనిషి ఎం. సునీల్ కుమార్. నల్సార్‌లో భూచట్టాలను బోధించిన ఆయన 2024 నాటి సంఘములో సభ్యులు కూడ. ఆయన రైతుకు అర్థమయ్యే తెలుగులో పత్రికలలో వ్రాస్తారు. పట్టా, పహాణీ, సాదాబైనామా, అసైన్డు వంటి మాటలను ఇంగ్లీషులోనికి మార్చి వ్రాస్తే అవి సగము అర్థమును పోగొట్టుకుంటాయి. కనుక తెలుగులో వ్రాయుట ఇక్కడ దయ కాదు, పద్ధతికే అవసరము. ప్రజలభాషలో వ్రాస్తే పరిశోధన పలుచన అవుతుందనేవారికి ఈ ఉదాహరణ చాలు.

చెత్తగుట్ట నీడలో

బిట్స్ ఆవరణకు అతి సమీపములోనే జవహర్‌నగర్ చెత్తగుట్ట ఉన్నది. హైదరాబాదు మహానగరపు చెత్తకు చిరునామా అది. చెత్తనుండి కారే నల్లని ద్రవము మల్కారం చెరువులో చేరి చుట్టుప్రక్కల బావులను, బోర్లను పాడుచేసిందని ఆ ఊళ్ళవారు సంవత్సరాల తరబడి చెబుతూ వచ్చారు. ఉస్మానియా విశ్వవిద్యాలయ భూగర్భశాస్త్రజ్ఞులు ఆ ప్రాంతపు భూగర్భజలాలపై 2017లో అప్లైడ్ వాటర్ సైన్స్ అనే పత్రికలో వ్యాసము ప్రచురించారు. ఆ పత్రికను ఎవరైనా ఉచితముగా చదువుకోవచ్చును. ‘ఎవరైనా’ అన్న మాట దగ్గరే మేము ఆగిపోయాము. ఆ బోరు నీళ్ళు త్రాగిన ఇల్లాలు ఆ ఎవరైనాలో లేదు. ధర లేకపోయినంత మాత్రాన తలుపు తెరిచినట్టు కాదు. భాష కూడ ఒక తాళమే. ఊరివారు వాసనను బట్టి, రంగును బట్టి చెప్పినది సాక్ష్యముగా చెల్లలేదు. అదే మాటను అంకెలలో చెప్పినప్పుడు సాక్ష్యమైంది, కాని అప్పుడు వారి చేతిలో లేకుండ పోయింది. జీవశాస్త్రము, సివిల్ ఇంజనీరింగు, ఆర్థికశాస్త్రము, మానవశాస్త్రాలు ఒకే ఆవరణలో ఉన్న ఒక విశ్వవిద్యాలయమునకు ఇంటి గుమ్మము ముందే ఇంతటి ప్రశ్న ఉండుట అదృష్టమా దురదృష్టమా అన్నది, ఆ ఆవరణవారే తేల్చుకోవాలి.

ఒకే అచ్చు

ఇంత విషయవైవిధ్యమున్నా వ్యాసాలన్నీ ఒకే అచ్చులో పోసినట్టు ఎందుకుంటాయి? మాకు తోచిన ప్రధాన కారణము, లెక్కింపు. 2009 నాటి యు.జి.సి. నియమాలు డాక్టరేటుకు ముందు ఒక వ్యాసము ప్రచురించాలన్నాయి. 2010లో అధ్యాపకుల పదోన్నతికి ఎ.పి.ఐ. మార్కుల పద్ధతి వచ్చింది. వ్యాసానికింత, సదస్సుకింత అని మార్కులు. మార్కులు కావలసినవారు పెరిగితే మార్కులు అమ్మేవారు పెరుగుతారు. సైన్సు, వాణిజ్యము, సమాజము అన్నీ ఒకే అట్టలో వేసే ‘బహుశాస్త్ర’ పత్రికలు పుట్టగొడుగుల్లా లేచాయి. వాటిలో అణువులపై వ్యాసము ప్రక్కన అంగన్‌వాడీపై వ్యాసముంటుంది, ఆ రెంటినీ చదివి తీర్పు చెప్పగల సంపాదకుడు మాత్రము ఉండడు. 2018 మేలో యు.జి.సి. తన ఆమోదిత జాబితానుండి 4,305 పత్రికలను ఒక్కసారిగా తీసివేసింది. తరువాత కేర్ జాబితా వచ్చింది, 2025లో అదీ రద్దయింది. 2022 నియమాలు డాక్టరేటుకు ముందు ప్రచురణ అన్న నిబంధననే తొలగించాయి. నియమాలు మారినా అలవాటు పోలేదు.

ఈ వ్యాపారమునకు హైదరాబాదు అంతర్జాతీయ ఖ్యాతి తెచ్చిపెట్టినది కూడ. ఇక్కడ పుట్టిన ఓమిక్స్ అనే ప్రచురణసంస్థపై, సరియైన పరిశీలన లేకుండానే వ్యాసాలు వేసుకొని రుసుము వసూలు చేసిందని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో దావా వేసింది. 2019 మార్చిలో అక్కడి న్యాయస్థానము ఐదు కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని తీర్పునిచ్చింది. తుర్కపల్లిలో టీకా శుద్ధిచేయుటకు ఎన్ని దశలో! వ్యాసమును శుద్ధిచేయుటకు మాత్రము ఒక్క దశ, రుసుము చెల్లింపు.

ఒక మాట న్యాయముగా చెప్పాలి. ఈ శాస్త్రాలన్నిటికీ ఒకే కొలబద్ద ఉండాలని మేము కోరడము లేదు. ప్రయోగశాలలో సత్యము పోలిక బృందమును అడుగుతుంది. న్యాయశాస్త్రములో సత్యము పూర్వతీర్పులను, ఎదుటి వకీలు వాదమును ఎదుర్కొని నిలుస్తుంది. సామాజికశాస్త్రములో విన్నవాడు ఎలా విన్నాడన్నది కూడ సాక్ష్యములో భాగము. వీటిని కలపగోరితే ముందు ఈ భేదమును గౌరవించాలి. అన్నిటికీ ప్రశ్నావళి, శాతము, కై-స్క్వేర్ అన్న మూడు ముక్కల మందు వేయుట గౌరవము కాదు.

తెలుగులో సాధ్యమా?

తెలుగులో ఉన్నతస్థాయి పరిశోధన వ్రాయలేమని, పదజాలము చాలదని మా సహాధ్యాపకులలో కొందరు అంటారు. చరిత్ర వారి ప్రక్షమున లేదు. 1906లో హైదరాబాదులో విజ్ఞానచంద్రికా మండలి ఏర్పడినప్పుడు కొమర్రాజు లక్ష్మణరావు మొదలైనవారు చరిత్రను, ప్రకృతిశాస్త్రాలను తెలుగు పాఠకుని ఇంటికి చేర్చాలనే పూనుకొన్నారు. సురవరం ప్రతాపరెడ్డి న్యాయశాస్త్రము చదివి, 1926లో గోలకొండ పత్రికను నడపనారంభించి, ఏ విశ్వవిద్యాలయపు ఆచార్యపదవి లేకుండానే ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ వ్రాశారు. రాజుల వరుస వదిలి జనుల తిండి, బట్ట, ఆట, వేడుకలను పరిశోధన విషయముగా తీసుకొన్న గ్రంథమది. కావ్యాలను, సామెతలను సాక్ష్యముగా వాడుకొన్నది. 1955లో తెలుగుకు తొలి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి దానికే వచ్చింది. 1985లో ఏర్పడిన తెలుగు విశ్వవిద్యాలయము ఇప్పుడు ఇదే జిల్లాలోని బాచుపల్లిలో ఉన్నది. 2025లో దానికి సురవరం పేరే పెట్టారు. 1968 నుండి తెలుగు అకాడమి శాస్త్రాల వారీగా పదకోశాలు ప్రచురించింది. పదాలు లేకపోవుట కాదు, వాడే అవసరము మనకు కలుగకపోవుట అసలు లోపము.

జీనోమ్ వ్యాలీ శాస్త్రవేత్త తన వ్యాసమును తెలుగులోనే ప్రచురించాలని అడుగుట అవివేకము. కలరా బాక్టీరియాపై అతడు సియోల్‌తోను జెనీవాతోను మాట్లాడాలి. మేము అడిగేది తక్కువ. సమ్మతిపత్రము తెలుగులో ఉన్నచోట ఫలితపత్రము కూడ తెలుగులో ఉండాలి. బోరు నీరు తీసుకున్న ఇంటికి ఆ నీటి లెక్క చేరాలి. రెండు పుటలు చాలు.

మన ఇంటిలో

ఇంతవరకు ఇతరులను విమర్శించాము. వేదాంత కళాశాలలు ఈ లెక్కలో బయట ఉన్నాయనుకొంటే పొరబాటు. మా విద్యార్థులు కూడ గ్రామాలకు వెళతారు, ప్రశ్నావళులు నింపుతారు. సంఘములో స్త్రీల స్థానము, దళిత క్రైస్తవుల ఉపాధి, యువత వలసలు అన్నవి వారి అభిమాన విషయాలు. తెలుగులో అడుగుతారు, ఇంగ్లీషులో వ్రాస్తారు, గ్రంథాలయములో ఒక ప్రతి, పరీక్షకునికి ఒక ప్రతి ఇస్తారు. మూడవ ప్రతి ఎవరికీ లేదు.

కొంతకాలము క్రితము శామీర్‌పేటకు ఆవలనున్న ఒక ఊరికి మేము విద్యార్థులతో వెళ్ళాము. ఔటర్ రింగ్ రోడ్డుకు భూములు పోయిన కుటుంబాల గూర్చిన అధ్యయనమది. ఒక ముసలమ్మ గడపలో కూర్చుండి బియ్యము చెరుగుతున్నది. మా విద్యార్థి కాగితము తీసి “అవ్వా, మీ ఇంట్ల ఎంతమంది ఉంటరు?” అని మొదలుపెట్టాడు. ఆమె చేట ప్రక్కన పెట్టి, “పోయినేడు గూడ మీ అసొంటి పోరగాళ్ళే అచ్చిండ్రు బిడ్డా. గిట్లనే రాసుకపోయిండ్రు. గది ఏమైంది?” అని అడిగింది. పోయినేడు వచ్చినవారు ఏ కళాశాలవారో మాకు తెలియదు, ఆమెకూ తెలియదు. మా విద్యార్థి ఏదో సర్దిచెప్పబోయాడు. ఆమె వినలేదు. అయినను కుర్చీ తెప్పించి కూర్చోబెట్టి, అడిగినవన్నీ చెప్పింది. పోయిన ఎకరమున్నర గూర్చి, వచ్చిన పైకము పంపకములో అన్నదమ్ములు విడిపోయిన సంగతి గూర్చి, ప్రశ్నావళిలో గడి లేని విషయాలు చాలా చెప్పింది. వాటిని ఆ విద్యార్థి కాగితము వెనుక వైపున వ్రాసుకొన్నాడు.

ఆ సిద్ధాంతవ్యాసము పూర్తయింది, మంచి శ్రేణి కూడ వచ్చింది. వెనుక వైపున వ్రాసినవి అందులోనికి రాలేదు. రావలసినవేనని మేము ఆ విద్యార్థికి ఆనాడు చెప్పలేదు, ఎందుకంటే పద్ధతి ప్రకారము అవి దత్తాంశము కావు. ఈ సంవత్సరమునుండి మా విభాగములో ప్రతి క్షేత్రవ్యాసానికి రెండు పుటల తెలుగు సారాంశము జతచేయాలని, దానిని ఆ ఊరి సంఘపెద్దలకు, పంచాయతీ కార్యాలయమునకు విద్యార్థియే స్వయముగా ఇచ్చి రావాలని తీర్మానించుకొన్నాము. మొదటి సారాంశము ఆ ఊరిదే. విద్యార్థి దానిని నాలుగుసార్లు తిరిగి వ్రాయవలసివచ్చింది. మొదటి మూడు ప్రతులు ఆమెకు చదివి వినిపిస్తే అర్థము కావని అతనికే అనిపించింది.